డబ్బా నవ్వుల కథ

1950ల్లో హాలీవుడ్‌లో చార్లీ డగ్లస్ అని ఒక సౌండ్ ఇంజనీరు ఉండేవాడు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా నేవీ కోసం రాడార్ల మీద పనిచేసి, యుద్ధం అయ్యాక సీబీఎస్ టీవీలో చేరాడు. ఆయన దగ్గర రెండడుగుల పైచిలుకు ఎత్తున్న ఒక పెట్టె ఉండేది. దానికి టైపురైటర్‌కి ఉన్నట్టు మీటలు, కింద కాలితో తొక్కే పెడలు, పైన తాళం కప్పలు. ఏ కంపెనీ వాళ్ళు పిలిచినా ఆ పెట్టె తీసుకెళ్ళి, లోపల ఏముందో ఎవరికీ కనపడకుండా పెట్టుకుని, తెర మీద సీను నడుస్తుంటే మీటలు నొక్కేవాడు. నొక్కిన చోటల్లా జనం నవ్వేవారు. ఆ జనం ఆ గదిలో లేరు. ఎప్పుడో ఏదో వేరే షోకి వెళ్ళి, వేరే ఎవరినో చూసి నవ్విన జనం వాళ్ళు.

దాన్ని "లాఫ్ బాక్స్" అనేవారు. మన తెలుగులో డబ్బా అన్న మాటకి రెండర్థాలూ ఉన్నాయి కాబట్టి "డబ్బా నవ్వు" అంటే సరిగ్గా సరిపోతుంది.

ఈ పెట్టె గురించి చదవడం మొదలుపెడితే అది నన్ను చాలా వెనక్కి లాక్కెళ్ళింది. నవ్వుని అద్దెకివ్వడం టీవీతో మొదలవలేదు. 19వ శతాబ్దంలో పారిస్ నాటకశాలల్లో "క్లాక్" అని ఒక ఏర్పాటు ఉండేది. డబ్బులిచ్చి చప్పట్లు కొట్టించుకోవడం అన్నమాట. అందులో పని విభజన కూడా ఉండేది! చప్పట్లు కొట్టేవాళ్ళు కొందరు, విషాద ఘట్టాల్లో రుమాలు తీసి ఏడ్చేవాళ్ళు కొందరు (ఎక్కువగా ఆడవాళ్ళు), "వన్స్ మోర్" అని అరిచేవాళ్ళు కొందరు, హాస్యం వచ్చినప్పుడు నవ్వేవాళ్ళు కొందరు. మన పద్యనాటకాల రోజుల్లో వన్స్ మోర్‌లన్నీ ఉచితంగానే వచ్చేవని నా నమ్మకం. కాదని తెలిసినవాళ్ళుంటే చెప్పొద్దు, ఆ నమ్మకం నాకు ఇష్టం.

అయితే నవ్వుని మనిషి నుంచి విడదీసి ఒక వస్తువుగా చేసి అమ్మింది మాత్రం గ్రామఫోను. అక్కడొక మనిషి ఉన్నాడు. ఈ వ్యాసం అసలు ఆయన గురించే రాద్దామనుకున్నాను.

పేరు జార్జ్ వాషింగ్టన్ జాన్సన్. 1846 ప్రాంతంలో వర్జీనియాలో బానిసగా పుట్టాడు. చిన్నప్పుడు ఒక తెల్లవారి ఇంట్లో వాళ్ళబ్బాయికి తోడుగా పెరగడంతో, బానిస పిల్లలకి దొరకని చదవడం, రాయడం అబ్బాయి. బానిసత్వం పోయాక న్యూయార్క్ చేరి, పడవల రేవుల దగ్గర ఈల వేస్తూ, పాడుతూ, జనం విసిరే చిల్లర ఏరుకుంటూ బతికాడు. 1890లో, ఎడిసన్ ఫోనోగ్రాఫ్ అప్పుడప్పుడే డబ్బులు వేస్తే పాడే యంత్రంగా మారుతున్న రోజుల్లో, రికార్డింగ్ కంపెనీల వాళ్ళు ఆయన్ని పట్టుకున్నారు. అప్పటి యంత్రాలకి పట్టుబడే గొంతులు తక్కువ. ఈయన ఈల, నవ్వు, గట్టి గొంతు మైనం గొట్టం మీద స్పష్టంగా పడేవి.

ఆయన పాటల్లో బాగా పేరొచ్చింది "లాఫింగ్ సాంగ్". చరణంలో తన నల్ల రంగుని, నోటిని, మడమల్ని తనే వెక్కిరించుకుంటాడు. పల్లవిలో మాటలుండవు. తాళం తప్పకుండా, రాగంలో, పొట్టచెక్కలయ్యేలా నవ్వుతాడు. తెల్లవాళ్ళు నాణెం వేసి, చెవుల్లో రబ్బరు గొట్టాలు పెట్టుకుని, ఆ నవ్వు విని నవ్వేవారు.

ఇప్పుడు ఇందులోని సాంకేతికం చూడండి. ఆ రోజుల్లో మైనం సిలిండర్లని గుత్తగా అచ్చుతీసే పద్ధతి లేదు. గాయకుడి ముందు నాలుగైదు యంత్రాలు పెడితే ఒకసారి పాడినందుకు నాలుగైదు సిలిండర్లు తయారవుతాయి. అంతే. ఇంకో నాలుగు కావాలంటే ఇంకోసారి పాడాలి. నవ్వూ అంతే! జాన్సన్ రోజంతా నిలబడి అదే పాట పాడి, అదే నవ్వు నవ్వేవాడు. రెండు నిమిషాల పాటకి ఇరవై సెంట్లు. 1890ల మధ్యకి అమెరికాలో అందరికన్నా ఎక్కువ అమ్ముడైన రికార్డుల్లో ఆయనవి ఉన్నాయి. అమ్ముడైన వేలల్లో ప్రతి నాలుగైదింటికీ ఒక కొత్త నవ్వు ఆ గొంతులోంచి రావలసిందే. ఈల వేసే పాట గురించి ఎవరూ జాలిపడక్కర్లేదు, ఈల వాయిద్యం లాంటిది. నవ్వు అలా కాదు కదా. యాభయ్యోసారి కూడా మొదటిసారిలాగే వినపడాలి.

1899లో ఆయనతో కలిసి ఉంటున్న స్త్రీ చనిపోతే హత్యానేరం మోపారు. రికార్డింగ్ వ్యాపారంలోని తెల్లవాళ్ళు కొందరు అండగా నిలిచారు, కోర్టు నిర్దోషి అని వదిలేసింది. కానీ అసలు దెబ్బ తర్వాత తగిలింది. 1902 ప్రాంతంలో అచ్చులో పోసి సిలిండర్లు తీసే పద్ధతి వచ్చింది. ఒక్కసారి నవ్వితే వేల కాపీలు. ఇక జాన్సన్‌ని మళ్ళీ మళ్ళీ పిలవాల్సిన పనిలేదు. ఆటోమేషన్ వల్ల ఉద్యోగం పోవడం అంటే ఏమిటో మా వృత్తిలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తనకన్నా ఎంతో చిన్నవాడైన పాత సహగాయకుడు లెన్ స్పెన్సర్ ఆఫీసులో గుమ్మం దగ్గర పనిచేస్తూ కొన్నాళ్ళు గడిపి, 1914లో న్యూయార్క్‌లో పోయాడు.

నవ్వు మాత్రం ఆగలేదు. బర్ట్ షెపర్డ్ అనే తెల్లాయన అదే పాటని లండన్‌లో పాడి గ్రామఫోన్ కంపెనీకి ఇచ్చాడు. ఇక్కడే మనవాళ్ళు కథలోకి వస్తారు. 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ చేత పాడించి రికార్డు చేసిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ పేరు మీరు వినే ఉంటారు. ఆయన తన జ్ఞాపకాల పుస్తకంలో, షెపర్డ్ నవ్వుల రికార్డు ఒక్క ఇండియాలోనే లక్షల్లో అమ్ముడైందనీ, బజార్లలో గ్రామఫోన్ చుట్టూ గొంతుక్కూర్చుని జనం ఊగిపోతూ నవ్వడం తాను చూశాననీ రాసుకున్నాడు. అమ్మకాల లెక్క ఆయన కంపెనీ వాడు కాబట్టి కొంచెం ఉప్పూకారం వేసే ఉంటాడు. కానీ ఆ దృశ్యం నమ్మదగ్గదే. ఇంగ్లీషు ముక్క తెలియని మనుషులు, బానిసగా పుట్టిన ఒక నల్లవాడు తన్ను తాను వెక్కిరించుకున్న పాటని, తెల్లవాడు అనుకరించి పాడితే, మాటలు వదిలేసి నవ్వుని మాత్రం అందుకుని నవ్వుతున్నారు. వాళ్ళు ఎవరిని చూసి నవ్వుతున్నట్టు? ఎవరినీ కాదు. నవ్వు వినపడింది, నవ్వారు.

ఆ తర్వాత 1922లో ఓకే అనే అమెరికన్ కంపెనీ, జర్మనీలో తయారైన ఒక రికార్డుని తెచ్చి అమ్మింది. అందులో ఒకాయన విషాదంగా బాకా ఊదుతుంటాడు, ఒకావిడకి నవ్వు ఆగదు, కాసేపటికి ఒక మగమనిషి కూడా కలుస్తాడు. మూడు నిమిషాలూ అంతే. జోకు లేదు, మాట లేదు. అదీ విపరీతంగా అమ్ముడైంది.

రేడియో వచ్చాక కొంతకాలం అసలు జనమే స్టూడియోలో కూర్చుని నవ్వేవారు. అప్పట్లో బింగ్ క్రాస్బీ అని పెద్ద గాయకుడు, ప్రతివారం ప్రత్యక్ష ప్రసారానికి హాజరవడం విసుగొచ్చి, ముందే రికార్డు చేస్తానని పట్టుబట్టాడు. గోల్ఫ్ ఆడుకోవడానికి తీరిక కావాలన్నది ఒక కారణం అంటారు. అప్పుడే జాక్ మల్లిన్ అనే ఇంజనీరు యుద్ధం ముగిసిన జర్మనీ నుంచి అయస్కాంతపు టేపు యంత్రాలు తెచ్చాడు. 1947లో క్రాస్బీ షో టేపు మీదకి ఎక్కింది. టేపుని బ్లేడుతో కోసి అతికించొచ్చు. మల్లిన్ చెప్పిన కథ ఏమిటంటే, ఒకసారి బాబ్ బర్న్స్ అనే హాస్యగాడు వచ్చి కాస్త మోటు జోకులు చెప్పాడు. జనం విరగబడి నవ్వారు. జోకులు ప్రసారానికి పనికిరావు, తీసేశారు. నవ్వులు దాచారు. కొన్ని వారాల తర్వాత ఇంకో ఎపిసోడు చప్పగా వస్తే, రచయిత ఆ నవ్వులు తెచ్చి ఇందులో అతికించమన్నాడు. అలా ఒకడి జోక్కి పుట్టిన నవ్వు ఇంకోడి జోక్కి దత్తత వెళ్ళింది.

1950లో "హ్యాంక్ మెక్యూన్ షో" అనే టీవీ కార్యక్రమంలో, ఎదురుగా జనం లేకుండానే నవ్వులు వినిపించారు. టీవీలో అదే మొదలని చెప్తారు. ఆ తర్వాత వచ్చినవాడే మన డగ్లస్. నవ్వాల్సిన చోట జనం నవ్వకపోవడం, నవ్వినచోట మరీ ఎక్కువసేపు నవ్వడం ఆయనకి ఇంజనీరింగ్ సమస్యల్లా కనపడ్డాయి! దాంతో రాత్రుళ్ళు కూర్చుని టేపుల్లోంచి నవ్వులు ఏరాడు. ముఖ్యంగా రెడ్ స్కెల్టన్ షోలో మాటల్లేని మూకాభినయం ఉండేది కాబట్టి, అక్కడి నవ్వుల్లో మాటలు కలవవు, శుభ్రంగా దొరుకుతాయి. పెట్టెలో 32 టేపు చుట్టలు, ఒక్కోదాంట్లో పది నవ్వులు, మొత్తం 320. మీట నొక్కితే ఏ రకం నవ్వో, పెడలు తొక్కితే ఎంతసేపో. ఉన్న నవ్వుకి కాస్త కలిపితే దాన్ని "తీపి కలపడం" అనేవారు ఆ వృత్తిలో. పాయసం రుచి చూసి ఇంకో చెంచా చక్కెర వేసినట్టు.

ఆ మీటల సంగతి చదువుతుంటే నాకు మన భాష గుర్తొచ్చింది. ముసిముసి, కిలకిల, పకపక, ఇకఇక, విరగబడి, పగలబడి, పడీపడీ... తెలుగులోనే ఒక లాఫ్ బాక్స్ ఉంది, తాళం లేకుండా. ఇంకా వెనక్కి వెళ్తే భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వుని ఆరు రకాలు చేశాడు. స్మితం, హసితం ఉత్తములకి. విహసితం, ఉపహసితం మధ్యములకి. అపహసితం, అతిహసితం అధములకి. పళ్ళు కనపడకుండా నవ్వితే పెద్దమనిషి, కళ్ళనీళ్ళు వచ్చేలా, భుజాలు ఊగేలా నవ్వితే అధముడు. 2015లో ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ వాళ్ళు ఆ ఏటి మేటి పదంగా ఒక బొమ్మని ఎంచారు గుర్తుందా? మనం ఫోన్లలో రోజుకి ఇరవైసార్లు పంపే, కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వే పచ్చ మొహం. భరతుడి లెక్కలో అది అధమం! మనం పంపేటప్పుడు నిజంగా చేసేది మహా అయితే స్మితం. అది కూడా బస్సులో కూర్చుని మొహంలో ఏ కదలికా లేకుండా పంపుతుంటాం.

డగ్లస్ పెట్టె 1960ల్లో అమెరికన్ కామెడీ సీరియళ్ళ మీద రాజ్యమేలింది. ఇష్టంలేనివాళ్ళు చాలామందే ఉండేవారు. 1972లో మొదలైన "మాష్" సీరియల్ కొరియా యుద్ధంలోని సైనిక ఆసుపత్రి కథ. దానికి నవ్వులు వద్దని తయారుచేసినవాళ్ళు, ఉండాలని సీబీఎస్ వాళ్ళు గొడవపడి చివరికి రాజీకొచ్చారు. ఆపరేషన్ గదిలో నవ్వులు వేయకూడదు, మిగతా చోట్ల వేయొచ్చు. అంటే కోసిన పొట్ట కనపడుతున్నంతసేపు జనం నోరు మూసుకుంటారు, గది దాటగానే మళ్ళీ మొదలెడతారు. బ్రిటన్‌లో బీబీసీ అదే సీరియల్‌ని నవ్వులు పూర్తిగా తీసేసి వేసింది. కథ అదే, కానీ ఒడ్డు మారగానే విషాదం పాలు ఎక్కువైంది.

నా సంగతి చెప్పాలంటే, డబ్బా నవ్వుల మీద నాకు అంత కోపం లేదు. మాస్టర్స్ చేయడానికి వచ్చిన కొత్తల్లో నలుగురు కుర్రాళ్ళం, ఎవరో ఖాళీచేస్తూ వదిలేసిన టీవీ ఒకటి. అందులో వచ్చే సిట్‌కాముల్లో బేస్‌బాల్ మీద, హైస్కూల్ ప్రామ్ మీద, ఎప్పుడూ వినని ఏదో ధాన్యపు డబ్బా మీద జోకులుంటాయి. మాట అర్థమవుతుంది, నవ్వెందుకో అర్థం కాదు. వెనక నవ్వు వినపడగానే, ఓహో ఇక్కడేదో ఉంది అని తెలిసేది. పుస్తకం అడుగున ప్రతిపదార్థం లాగ. ముందు దాని వెనకే అర సెకను ఆలస్యంగా నవ్వేవాళ్ళం. ఒక సెమిస్టరు గడిచేసరికి దానితోపాటు, మరో ఏడాదికి కొన్నిసార్లు దానికన్నా ముందు. ఇదంతా ఎందుకు పనికొచ్చిందంటే ఆఫీసులో. కాన్ఫరెన్స్ కాల్‌లో పెద్ద మేనేజరు ఫుట్‌బాల్ జోకు వేసినప్పుడు అక్కడ వెనక నుంచి ఎవరూ ట్రాక్ వేయరు కదా. మనమే ఆ ట్రాక్.

ఈ చివరి వాక్యం సరదాకి అన్నది కాదు. రాబర్ట్ ప్రొవైన్ అని మేరీలాండ్‌లో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు (2019లో పోయాడు). నవ్వు మీద ప్రయోగశాలలో జోకులు చూపించి పరిశోధన చేస్తే ఎవరూ సరిగ్గా నవ్వడంలేదని, ఆయనా ఆయన విద్యార్థులూ బజార్లలో, కాలేజీ వరండాల్లో చాటుగా నిలబడి 1,200 నవ్వుల్ని రాసుకున్నారు. జోకు అనదగ్గ దానికి వచ్చిన నవ్వులు అందులో ఇరవై శాతం కూడా లేవు. మిగతావన్నీ "సరే మరి ఉంటాను", "ఇదిగో వచ్చాడండీ" లాంటి మాటలకి. విన్నవాడి కన్నా మాట్లాడినవాడే 46 శాతం ఎక్కువ నవ్వాడు. ఒంటరిగా ఉన్నప్పటికన్నా పక్కన మనిషి ఉంటే ముప్ఫై రెట్లు ఎక్కువ నవ్వుతాం. 2019లో లండన్‌లో సోఫీ స్కాట్ బృందం నలభై చచ్చు జోకులు తీసుకుని, వెనక నవ్వు కలిపి వినిపించారు. జోకు విలువ పెరిగింది. నిజమైన నవ్వు కలిపితే ఇంకా పెరిగింది. డగ్లస్‌కి ఇదంతా మీటల మీద వేళ్ళు పెట్టినప్పుడే తెలుసు.

మన దేశంలో ఇదే విషయాన్ని వేరే దారిలో కనిపెట్టినాయన డాక్టర్ మదన్ కటారియా. 1995 మార్చిలో ముంబై లోఖండ్‌వాలా పార్కులో అయిదుగురితో పొద్దున్నే నవ్వుల క్లబ్బు పెట్టాడు. ఒకరొకరుగా జోకులు చెప్పుకునేవారు. కొద్దిరోజులకే మంచి జోకులు అయిపోయి, ఆడవాళ్ళని, అవతలి కులాల్ని, మతాల్ని గేలిచేసేవి మిగిలాయి. జనం మొహం చిట్లించారు. అప్పుడాయన జోకులు తీసేసి, చేతులెత్తి ఊరికే నవ్వమన్నాడు. నవ్వారు! "నవ్వు నాలుగు విధాల చేటు" అని పెంచిన పెద్దవాళ్ళే ఇవాళ హైదరాబాద్ పార్కుల్లో పొద్దున ఆరింటికి హహ్హహ్హ అంటూ చేతులూపుతున్నారు. అక్కడ జోకులు అయిపోవడం నాకు నచ్చిన భాగం. ఎవర్నో తక్కువ చేయకుండా జోకు ఎంతకాలం నడుస్తుందో వాళ్ళకి రెండు వారాల్లోపే తెలిసిపోయింది. జాన్సన్ పాట విన్నవాళ్ళకి ఆ ప్రశ్నే రాలేదు.

టీవీ మాత్రం డబ్బా వదిలి మనిషికి తిరిగొచ్చింది. అమెరికాలో 2000 తర్వాత నవ్వుల ట్రాకు లేని కామెడీలు పెరిగాయి, 2005లో వచ్చిన "ది ఆఫీస్" అలాంటిదే. మన దగ్గర పెట్టె బదులు కుర్చీ వచ్చింది. 2005 "గ్రేట్ ఇండియన్ లాఫ్టర్ చాలెంజ్"లో సిద్ధూ నవ్వు, కపిల్ శర్మ షోలో 2019 నుంచి ఆ కుర్చీలో అర్చనా పూరణ్ సింగ్ నవ్వు, ఈటీవీలో 2013లో మొదలైన "జబర్దస్త్"లో నాగబాబు, రోజాల నవ్వు. స్కిట్ చేసేవాడి మీద ఎంతసేపు కెమెరా ఉంటుందో, నవ్వేవాళ్ళ మీదా ఇంచుమించు అంతసేపు ఉంటుంది. పారిస్‌లో నవ్వేవాళ్ళని జనంలో దాచేవారు, మనం లైట్లు వేసి సింహాసనం మీద కూర్చోబెట్టాం. ఇదే నయమేమో.

2020లో కోవిడ్ వచ్చి స్టూడియోలు ఖాళీ అయినప్పుడు, అమెరికా రాత్రి షోల వాళ్ళు ఇళ్ళల్లోంచి జోకులు వేస్తే ఎంత బోసిగా ఉందో చూశాం. ఆ ఏడు ఐపీఎల్ దుబాయ్‌లో, అబుదాబీలో, షార్జాలో ఖాళీ స్టేడియంలలో జరిగితే టీవీలో రికార్డు చేసిన జనఘోష కలిపారు. మా కాల్స్‌లో మేనేజరు జోకు వేస్తే పదిహేను మంది మ్యూట్‌లో నవ్వేవాళ్ళం, ఆయనకి వినపడేది నిశ్శబ్దం. కొన్నాళ్ళకి ఆయన జోకులు మానేశాడు. కాల్స్ త్వరగా అయ్యేవి, కానీ ఎవరికీ బాగుండేది కాదు.

డగ్లస్ 2003లో తన 93వ ఏట పోయాడు. పెట్టెలో గొంతులన్నీ చనిపోయినవాళ్ళవే అని ఒక కథ ప్రచారంలో ఉంది కానీ, ఆయన ఎప్పటికప్పుడు కొత్త నవ్వులు చేర్చి పాతవి తీసేస్తూనే ఉండేవాడు. 2010లో పాత వస్తువులకి వెలకట్టే టీవీ కార్యక్రమానికి ఒకాయన ఒక లాఫ్ బాక్స్ పట్టుకొచ్చాడు, అద్దె కట్టని గోడౌను వేలంలో దొరికిందట. పదివేల డాలర్లు అన్నారు.

జాన్సన్ "లాఫింగ్ సాంగ్"ని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013 జాబితాలో దేశం భద్రపరుచుకోవలసిన రికార్డుల్లో చేర్చింది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, గరగర ఎక్కువ, హెడ్‌ఫోన్స్‌తో వినండి. చరణంలో మాటలు అర్థమైన కొద్దీ ఒళ్ళు మండుతుంది. నవ్వు దగ్గరికి వచ్చేసరికి, ఎంత బిగపట్టుకున్నా పెదవి కదులుతుంది.